మాగ్నమ్ తూటాల లెక్క, ఒక వడిసెల రాయి

పోయిన యాసంగిలో దేవరకొండ దిక్కున్న మా మామ వాళ్ళ ఊరికి పోయి రెండు రాత్రులు పల్లి చేనుకాడ మంచె మీద గడిపాను. కాయ ఊరే రోజుల్లో అడవిపందుల మంద ఒక్కసారి దిగిందంటే తెల్లారేసరికి చేను నాగలి పెట్టి దున్నినట్టు అవుతుంది. మామ దగ్గరున్న సరంజామా మూడే: టార్చిలైటు, కొట్టడానికి ఖాళీ నూనె డబ్బా, వడిసెల. మా బావమరిది దగ్గర మాత్రం ఫోను ఉంది. అందులో అమెరికా వేటగాడొకడు రెండు చేతులతో పెద్ద రివాల్వర్ పట్టుకుని పందిని కొడుతున్నాడు.

"బావా, గీ 500 మాగ్నమ్ పెద్దదా, 460 మాగ్నమ్ పెద్దదా? ఒకడు గిది అంటడు, ఇంకొకడు గది అంటడు. నువ్వు ఫిజిక్స్ సారువి గదా, చెప్పు."

నల్లగొండలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి బతుకుతున్నవాణ్ణి. "500" అని టక్కున అనేశాను. తెల్లారి కాగితం మీద లెక్క వేసి చూస్తే నా జవాబు తప్పేం కాదు గానీ, అసలు ప్రశ్నలోనే మెలిక ఉందని తెలిసింది. పెద్దది అంటే దేంట్లో పెద్దది? శక్తిలోనా, ఊపులోనా, రంధ్రం లోతులోనా, దూరంలోనా? కొలత మారితే తూటాల ర్యాంకులూ మారిపోతాయి.

లెక్కలోకి దిగేముందు మన నేల సంగతి చెప్పుకోవాలి. ఈ తూటాలతో వేట అనేది అమెరికా ముచ్చట. అక్కడ చాలా రాష్ట్రాల్లో లైసెన్సు తీసుకుని రివాల్వర్‌తో జింకల్నీ, పందుల్నీ వేటాడవచ్చు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట బందు. పందుల బెడద మరీ ఎక్కువైన చోట అటవీశాఖ అనుమతితో, గుర్తింపు ఉన్న షూటర్లు మాత్రమే వాటిని కాల్చాలి. వాళ్ళ చేతుల్లో ఉండేవి కూడా పొడుగు తుపాకులే. మక్తల్, మాగనూరు దిక్కు కృష్ణ ఒడ్డున పంట మేసే కృష్ణజింకల జోలికైతే ఎవరూ పోవడానికి లేదు, అవి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. ఇక మన దేశంలో లైసెన్సు మీద మామూలుగా కనిపించే .32 రివాల్వర్ బుల్లెట్ శక్తి 200 జూల్స్ లోపే. అది పందికి కోపం తెప్పించడానికి పనికొస్తుంది. కాబట్టి ఇక్కడ రాసేది లెక్క అర్థం చేసుకోవడానికే, చేను కాపలాకు కాదు.

పేరులో ఉన్న అంకెను నమ్మొద్దు

మాటలు కలగాపులగం కాకుండా ఒకటి అనుకుందాం. ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పంటించే ప్రైమర్, లోపల తుపాకీ మందు, మూతిలో బిగించిన లోహపు ముక్క, ఇవన్నీ కలిసింది తూటా. అందులోంచి ఎగిరిపోయే ముక్క ఒక్కటే బుల్లెట్. మాగ్నమ్ అంటే మామూలు దానికన్నా ఎక్కువ జోరుగా కొట్టేలా చేసిన తూటా.

తూటా పేరులో ఉండే చుక్క, అంకె బుల్లెట్ వ్యాసాన్ని అంగుళాల్లో చెబుతాయని అంటారు. సగం నిజం. .357 మాగ్నమ్ బుల్లెట్ నిజంగానే 0.357 అంగుళాలు. .44 మాగ్నమ్ మాత్రం 0.429 అంగుళాలే. .454 కాసుల్, .460 స్మిత్ అండ్ వెసన్ మాగ్నమ్ అని వేరువేరు పేర్లు పెట్టుకున్నవి రెండూ 0.452 అంగుళాలవే. 1873 నాటి పాత .45 కోల్ట్‌లో ఇప్పుడు వేసే బుల్లెట్‌ది కూడా అదే కొలత. మరి తేడా ఏంటంటే గుల్ల పొడుగు, లోపలి ఒత్తిడి. .460 రివాల్వర్‌లో .454 తూటా, .45 కోల్ట్ తూటా కూడా పడతాయి. తిరగేస్తే కుదరదు. పొడుగు గుల్ల పొట్టి గదిలో దూరదు, దూరకుండా ఉండాలనే పొడుగు చేశారు. 1935లో .357 మాగ్నమ్ తెచ్చినప్పుడు కూడా .38 స్పెషల్ గుల్లనే కాస్త సాగదీశారు. లేకపోతే ఎవడో ఒకడు పాత బలహీనమైన రివాల్వర్‌లో కొత్త తూటా పెట్టి వేళ్ళు పోగొట్టుకునేవాడు.

ఆ ఒత్తిడి ఎంతో ఊహకు అందాలంటే మన వంటింటి కుక్కర్ తీసుకోండి. విజిల్ వచ్చేటప్పుడు లోపల చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడి ఉంటుంది. పాత .45 కోల్ట్‌కు గరిష్ఠంగా అనుమతించేది 14,000 పౌండ్లు. .44 మాగ్నమ్‌కు 36,000. .454 కాసుల్, .460 మాగ్నమ్‌లకు 65,000. అంటే కుక్కర్‌కు నాలుగు వేల రెట్లకు పైన, అదీ చాచిన చేతి దూరంలో. ఒకే వ్యాసం, ఒకే రకం బుల్లెట్ ఉన్నా .45 కోల్ట్‌కూ .460కీ పోలిక లేకపోవడానికి కారణం ఇదే.

తులాల్లో తూచితే

బుల్లెట్ బరువును అమెరికా వాళ్ళు గ్రెయిన్లలో చెబుతారు. వినగానే అదేదో పరాయి కొలత అనిపిస్తుంది గానీ మనకు బాగా తెలిసిందే. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 1833లో తులాన్ని 180 గ్రెయిన్లకు ఖాయం చేశారు. మన అమ్మమ్మలు పెళ్ళికి లెక్కపెట్టుకున్న 11.66 గ్రాముల తులం అదే. ఇప్పుడు షాపుల్లో 10 గ్రాములకే తులం అంటున్నారు, ఆ గొడవ పక్కన పెట్టండి.

పాత తులం లెక్కలో .357 మాగ్నమ్ మామూలు బుల్లెట్, 158 గ్రెయిన్లు, తులానికి కొంచెం తక్కువ. .44 మాగ్నమ్‌ది 240 గ్రెయిన్లు, తులమున్నర లోపు. .454లో వేటకు వాడే 300 గ్రెయిన్ల బుల్లెట్ ఒకటిన్నర దాటుతుంది. .460లో పేరుమోసింది 200 గ్రెయిన్లు, తులం మీద తొమ్మిదో వంతు. .500లో 400 గ్రెయిన్లు, రెండు తులాల పైన. సీసం, రాగి కాకుండా బంగారమైతే మన దగ్గర ఒక్కడూ పేల్చేవాడు కాదు.

ఇప్పుడు వేగాలు. .357 సెకనుకు సుమారు 376 మీటర్లు. .44 మంచి లోడుతో, అంటే మందు, బుల్లెట్‌ల కూర్పు బాగుంటే, 411. .454 దగ్గర 495. .500 దగ్గర 510. .460 ఏకంగా 670. పాత .45 కోల్ట్ 262 మీటర్లతో నింపాదిగా పోతుంది, దాని బరువు 255 గ్రెయిన్లు.

ఈ వేగాల మీద ఒక అనుమానం ఎప్పుడూ ఉంచుకోవాలి. డబ్బా మీద రాసేది చాలాసార్లు పొడుగు గొట్టంలో కొలిచిన వేగం. మాగ్నమ్‌లలో వాడే మందు నెమ్మదిగా కాలుతుంది, అది పూర్తిగా పనిచేయాలంటే గొట్టం పొడుగుండాలి. ఎనిమిది అంగుళాల గొట్టం బదులు నాలుగు అంగుళాలది పట్టుకుంటే సెకనుకు ముప్పై మీటర్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ తగ్గుతుంది. మిగిలిన మందు గొట్టం మూతి దగ్గర మంటగా కాలిపోతుంది. వీడియోల్లో బాగా కనబడే ఆ మంట పంది మీద ఏ పనీ చేయదు. పైగా రివాల్వర్‌లో తూటాలు పెట్టే, గుండ్రంగా తిరిగే సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది, కొంత గ్యాసు అక్కడే పక్కకు కొడుతుంది. .460, .500ల్లో ఆ సందు దగ్గర వేలు పెడితే వేలు కోసుకుపోవచ్చు.

శక్తి ఒక మాట చెబుతుంది, ఊపు ఇంకో మాట

మా పిల్లలకు ఏటా చెప్పే పాఠమే ఇక్కడ పనికొస్తుంది. గతిజశక్తి అంటే ద్రవ్యరాశిలో సగం ఇంటూ వేగం వర్గం. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలు. ఈ సూత్రం ప్రకారం .357కు సుమారు 724 జూల్స్, .44కు 1,316, .454కు 2,380, .460కి 2,910, .500కు 3,380. 45 కిలోల యూరియా బస్తా పైకెత్తే పనితో పోలిస్తే .357 బుల్లెట్‌లో బస్తాను ఒకటిన్నర మీటర్లు ఎత్తే శక్తి ఉంది, .44లో మూడు మీటర్లు, .500లో ఏడున్నర మీటర్లు. ఇక్కడిదాకా వస్తే బావమరిది ప్రశ్నకు జవాబు దొరికినట్టే ఉంటుంది. .500 మొదటిది, .460 రెండోది.

కానీ పాత .45 కోల్ట్‌ను ఈ తక్కెడలో పెట్టండి. 567 జూల్స్. .357 కన్నా తక్కువ. అయితే అమెరికాలో ముసలి వేటగాళ్ళు మాత్రం ఆ బరువైన, నెమ్మదైన బుల్లెట్ లోతుగా దిగుతుందని ఇప్పటికీ వాదిస్తారు. వాళ్ళవి ఉత్త పాతకాలపు కబుర్లా?

ఊపు లెక్క చూస్తే, పుస్తకాల్లో దాని పేరు ద్రవ్యవేగం, కిలోల్లో బరువు ఇంటూ సెకనుకు మీటర్లలో వేగం, .357కు 3.85 వస్తుంది, .45 కోల్ట్‌కు 4.33. ముసలివాళ్ళ పక్షాన ఒక సాక్ష్యం దొరికింది. .44కు 6.4, .460కి 8.7, .454కు 9.6, .500కు 13.2. చూశారా, ఇక్కడ .460, .454 తారుమారయ్యాయి. శక్తిలో .460 ముందు, ఊపులో .454 ముందు. బావమరిది చూసిన వీడియోల కింద జరిగే తగాదాల్లో సగం ఇదే. ఒకడు జూల్స్ చెబుతుంటాడు, ఇంకొకడు ఊపు చెబుతుంటాడు, ఇద్దరూ "పవర్" అనే ఒక్క మాటే వాడతారు.

అట్లని ఊపు ఒక్కటే అసలు కొలత అనుకుంటే మా మామ వడిసెల వచ్చి అడ్డం పడుతుంది. 120 గ్రాముల రాయి, సెకనుకు 32 మీటర్ల వేగం అనుకుందాం, చెయ్యి తిరిగినవాడికి అదేం గొప్ప కాదు. ద్రవ్యవేగం 3.84. .357 మాగ్నమ్‌తో సమానం! శక్తి మాత్రం 61 జూల్స్, పన్నెండో వంతు. 1940ల్లో ఇదే నల్లగొండ పల్లెల్లో జనం రజాకార్ల మీద వడిసెలలతో నిలబడ్డారు, రాయి దెబ్బ చిన్నదని నేననను. తల పగులుతుంది, చేయి విరుగుతుంది. అయినా రాయి పంది ఒంట్లోకి దిగదు. ఒకే ఊపు ఉన్న రెండు వస్తువుల్లో ఒకటి బయటే ఆగి, ఇంకోటి లోపలికి దూసుకుపోయిందంటే, ఆ తేడా శక్తిలోనూ, ఆ శక్తి ఎంత చిన్న మొనమీద పడిందన్న దాంట్లోనూ ఉంది.

మధ్యలో ఒక సినిమా భ్రమ కూడా తీర్చుకుందాం. తూటా తగలగానే మనిషి గాల్లోకి ఎగిరి గోడకు కొట్టుకోవడం మనందరం చూసిందే. 80 కిలోల పందికి .500 బుల్లెట్ తన ఊపంతా ఇచ్చేసినా దానికి వచ్చే వేగం సెకనుకు 16 సెంటీమీటర్లు. .44 అయితే 8 సెంటీమీటర్లు. చీమ కంటే నయం, నత్త కంటే చాలా నయం, అంతే. పందిని ఎగరగొట్టేంత ఊపు బుల్లెట్‌లో ఉంటే, అదే ఊపు వెనక్కి తగిలిన వేటగాడూ ఎగిరిపోవాలి. న్యూటన్ మూడో నియమం హీరోకో రూలు, విలన్‌కో రూలు అని ఒప్పుకోదు. జంతువు పడిపోయేది తోపుకు కాదు, మెదడో వెన్నెముకో దెబ్బతిన్నందుకు, లేదా గుండె, ఊపిరితిత్తుల దగ్గర రక్తం పోయినందుకు.

శక్తికీ ఊపుకూ రాజీ కుదర్చాలని ఆఫ్రికాలో ఏనుగుల వేటగాడు జాన్ టేలర్ ఒక సూత్రం కట్టాడు. గ్రెయిన్లలో బరువు, అడుగుల్లో వేగం, అంగుళాల్లో వ్యాసం, మూడూ గుణించి 7,000తో భాగించడం. ఏనుగు తలకు తగిలిన బరువైన బుల్లెట్ దాన్ని ఎంతసేపు దిమ్మెక్కిస్తుందో అంచనా వేయడానికి ఆయన పెట్టుకున్న లెక్క అది. దాన్ని తెచ్చి రివాల్వర్లకు అతికిస్తే ఏమవుతుందో చూడండి. .44కు 20 మార్కులు, .500కు 48. పెద్ద జంతువుల వేటకు నూరేళ్ళకు పైగా వాడుతున్న .30-06 రైఫిల్‌కు 21. సరిగ్గా తులం బరువున్న బుల్లెట్‌ను సెకనుకు 823 మీటర్లతో తోసి 3,950 జూల్స్ ఇచ్చే రైఫిల్, ఈ లెక్కలో .44 రివాల్వర్ పక్కన కూర్చుంది! సూత్రంలో వ్యాసాన్ని నేరుగా గుణించి, వేగాన్ని వర్గం చేయకుండా వదిలేస్తే లావు బుల్లెట్ ఎప్పుడూ గెలుస్తుంది. పరీక్ష పేపర్ ఎవరు తయారు చేశారో చూస్తే ర్యాంకు ఎవరికొస్తుందో ముందే చెప్పవచ్చు. నాకైతే ఈ మార్కులు రివాల్వర్ల పోలికకు పనికిరావు.

లోపల ఏం జరుగుతుంది

వేటగాడికి నిజంగా కావాల్సిన ప్రశ్న ఒకటే. తూటా గుండె దాకా పోతుందా? పెద్ద మగ పందికి భుజం మీద చర్మం కింద మందపాటి గట్టి పొర ఉంటుంది. మగ పందులు కోరలతో కొట్లాడుకునేటప్పుడు కాపాడేది అదే. బురద ఎండి పట్టిన తోలు, ఆ పొర, ఎముక దాటి లోపలికి పోవాలి.

గడ్డపారను మొనతో వేస్తే నేలలో దిగుతుంది, అదే గడ్డపారను అడ్డంగా పడేస్తే దుమ్ము లేస్తుంది. బుల్లెట్‌లో కూడా ఒక్కో చదరపు అంగుళం మూతి వెనక ఎంత బరువు నిలబడి ఉందనేది దిగే లోతును చాలా వరకు తేలుస్తుంది. బరువును వ్యాసం వర్గంతో భాగిస్తే ఆ సంఖ్య వస్తుంది. పౌండ్లు, అంగుళాల్లో లెక్కేస్తే .44లో 240 గ్రెయిన్ల బుల్లెట్‌కు 0.186, .454లో 300 గ్రెయిన్లకు 0.210, .500లో 400 గ్రెయిన్లకు 0.229. ఇక 670 మీటర్ల వేగంతో దూకే .460లోని 200 గ్రెయిన్ల బుల్లెట్‌కు 0.140 మాత్రమే, .357 కన్నా తక్కువ. వేగం దండిగా ఉంది, వెనక బరువు లేదు. మెత్తటి చోట అది దబ్బున ఖర్చైపోతుంది. అందుకే .460 పట్టుకుని పెద్ద జంతువు మీదికి పోయేవాళ్ళు 300 గ్రెయిన్లు, ఆ పైన బరువున్న బుల్లెట్‌లు వేసుకుంటారు. ఇందులోనే ఇంకో తమాషా ఉంది: అదే .44లో 300 గ్రెయిన్ల బుల్లెట్ పెడితే సంఖ్య 0.233 దాకా పోతుంది, .500లోని 400 గ్రెయిన్ల దాన్ని కూడా దాటుతుంది. తూటా మార్చక్కర్లేదు, బుల్లెట్ మారిస్తే చాలు.

బుల్లెట్ తయారీ కూడా అంతే ముఖ్యం. మూతిలో గుంట ఉన్న హాలో పాయింట్ తగలగానే పువ్వులా విచ్చుకుంటుంది, రంధ్రం వెడల్పవుతుంది, లోతు తగ్గుతుంది. జింకలాంటి సన్నటి జంతువుకు అది సరిపోతుంది. గట్టి సీసంతో పోసిన, మూతి చదునుగా ఉన్న బుల్లెట్ విచ్చుకోదు, ఎముక విరుచుకుంటూ ఆ చివర నుంచి ఈ చివరకు పోతుంది. అలాస్కాలో ఎలుగుబంటి భయానికి రివాల్వర్ పెట్టుకుని తిరిగేవాళ్ళు ఎక్కువగా ఈ రెండో రకాన్ని నమ్ముకుంటారు. ఐడహో పశువుల కాపరి, రచయిత ఎల్మర్ కీత్ చదును మూతి సీసం బుల్లెట్‌ల మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. .44 స్పెషల్ గుల్లలో మందు దట్టించి దట్టించి, కంపెనీల వెంట పడి పడి, చివరికి 1955లో .44 మాగ్నమ్ రావడానికి కారకుడయ్యాడు. .357 వెనక కూడా ఆయన చేయి ఉంది.

వేగానికి ఒక గీత ఉంది, అది సుమారు సెకనుకు 600 మీటర్లు. చెరువులో రాయి వేస్తే నీళ్ళు చుట్టూ లేచి మళ్ళీ కలుసుకుంటాయి కదా, ఒంట్లోనూ బుల్లెట్ చుట్టూ కండ అట్లే సాగి వెనక్కి వస్తుంది. ఆ గీత లోపల ఉన్నంతసేపు కండ సాగినా చిరగదు, మిగిలేది బుల్లెట్ చేసిన రంధ్రమే. గీత దాటాక ఆ సాగడం వల్లే కండ చిరుగుతుంది, రైఫిల్ గాయాలు అంత ఘోరంగా ఉండేది అందుకే. .357, .44, .454, .500, ఇవన్నీ గీతకు ఇవతల ఉన్నవే. వాటి జూల్స్ ఎంత ఉన్నా పని మాత్రం రంధ్రమే చేయాలి. .460 ఒక్కటే గొట్టం మూతి దగ్గర గీత దాటి, కొద్ది దూరంలోనే మళ్ళీ ఇవతలికి వస్తుంది. మూడు వేల జూల్స్ ఉంది కాబట్టి రైఫిల్‌తో సమానం అనే మాట ఇక్కడ విరిగిపోతుంది.

దూరం

చేతిలోంచి జారవిడిచిన రాయి, అడ్డంగా పేల్చిన బుల్లెట్ ఒకే వేగంతో కిందికి పడతాయి. ఈ మాట చెబితే క్లాసులో ఇప్పటికీ సగం మంది నమ్మరు. బుల్లెట్ వేగంగా పోతుంది కాబట్టి పడటానికి టైం దొరకదు, అంతే. 100 గజాలు పోవడానికి .44 బుల్లెట్‌కు పావు సెకను పడుతుంది. ఆ పావు సెకనులో అది సుమారు 30 సెంటీమీటర్లు దిగుతుంది. .460 అదే దూరం దాటేసరికి 12 సెంటీమీటర్లు దిగుతుంది. 200 గజాల దగ్గర .460 అరవై సెంటీమీటర్లు, .44 ఒకటిన్నర మీటర్లు. ఈ ఒక్క పరీక్షలో .460 అన్నిటినీ ఊడ్చేస్తుంది. 2005లో దాన్ని తెచ్చిందే అందుకు, .500 వచ్చిన రెండేళ్ళకు.

దూరంతో పాటు శక్తి కూడా కారిపోతుంది. మొద్దు మూతి బుల్లెట్‌కు గాలి ఒప్పుకోదు. .44 బుల్లెట్ 100 గజాలకు మూడో వంతుకు పైగా శక్తి పోగొట్టుకుంటుంది. .30-06 ఆ దూరంలో ఆరో వంతు దగ్గరే పోగొట్టుకుంటుంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం పెద్ద జంతువుల వేటకు వాడే చేతి తుపాకీ తూటాకు 50 గజాల దగ్గర 550 అడుగు పౌండ్లు, అంటే 746 జూల్స్ ఉండాలని నియమం పెట్టింది. .357 మామూలు లోడు బయలుదేరినప్పుడే అంతకన్నా కొంచెం తక్కువ, 50 గజాలకు వచ్చేసరికి 550 జూల్స్ చుట్టుపక్కల మిగులుతుంది. ఫెయిల్. .44 వెయ్యి జూల్స్‌తో సులువుగా పాస్. గొట్టం మూతి దగ్గరి శక్తి కాకుండా జంతువు దగ్గరి శక్తి అడిగారు చూడండి, నాకు ఆ నియమంలో నచ్చింది అదే.

చేతికి వచ్చే బిల్లు

బుల్లెట్ ముందుకు ఎంత ఊపుతో పోతుందో, రివాల్వర్ అంతే ఊపుతో వెనక్కి వస్తుంది. .500 రివాల్వర్ పొడుగు గొట్టంతో రెండు కిలోల పైన ఉంటుంది. 13.2ను దాంతో భాగిస్తే అది చేతిలోకి సెకనుకు 6.4 మీటర్ల వేగంతో, 43 జూల్స్‌తో వస్తుంది. 1.1 కిలోల .357 రివాల్వర్ 3.5 మీటర్లతో, 7 జూల్స్ లోపు. ఇది బుల్లెట్ లెక్క మాత్రమే, గొట్టంలోంచి కొట్టే మందు గ్యాసు దీనికి ఇంకొంత కలుపుతుంది. బుల్లెట్‌కు 3,380 జూల్స్ వెళ్ళి చేతికి 43 మాత్రమే రావడం ఏంటని మా క్లాసులో ఒక అమ్మాయి అడిగింది. ఊపు ఇద్దరికీ సమానంగా పంచుతారు, శక్తి పంచేటప్పుడు తేలికవాడికి ఎక్కువ పోతుంది. ఆ పక్షపాతం లేకపోతే తుపాకీ అనే వస్తువే ఉండేది కాదు.

రెండు కిలోల బియ్యం సంచి చేయి చాచి పట్టుకుని నిలబడి చూడండి, ఒక్క నిమిషం. ఆ బరువును పెంచితే తన్ను తగ్గుతుంది, తగ్గిస్తే మోసుకు తిరగడం సులువవుతుంది, రెండూ ఒకేసారి దొరకవు. చిన్న తేలిక రివాల్వర్‌లో పెద్ద తూటాలు వేస్తే ఇంకో చిక్కు వస్తుంది. మొదటి తూటా పేలిన కుదుపుకు సిలిండర్‌లో మిగిలిన తూటాల బుల్లెట్‌లు గుల్లలోంచి ముందుకు జరుగుతాయి. ఒక్కటి మూతి బయటికి పొడుచుకొచ్చినా సిలిండర్ తిరగదు. గాయపడిన పంది తిరగబడిన క్షణంలో చేతిలో ఉత్త ఇనుప ముక్క మిగులుతుంది. ఇక శబ్దం 160 డెసిబెల్స్ దాటుతుంది, చెవులకు ఏమీ పెట్టుకోకపోతే ఒక్క దెబ్బకే వినికిడి పోవచ్చు.

ఇవన్నీ చూశాక నా ఓటు .44 మాగ్నమ్‌కు, బరువైన బుల్లెట్‌తో, 50 గజాల లోపల. పాత .45 కోల్ట్‌ను పక్కన పెడితే జూల్స్ పట్టికలో అది కింది నుంచి రెండోది. కానీ సాధన చేయగలిగిన తూటా అది. .500 కొన్నవాళ్ళు నెలకు ఎన్నిసార్లు పేలుస్తారో గానీ, పేల్చిన ప్రతిసారీ చేతికి భయం నేర్పుతారు. పేలకముందే కళ్ళు మూసుకుని మణికట్టు కిందికి వంచడం ఆ భయం చేసే పని. మంచె నుంచి పల్లి చేను అవతలి గట్టు 40 మీటర్లు ఉంటుంది. అంత దూరంలో చేయి ఒక్క డిగ్రీ వంగితే బుల్లెట్ 70 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. పంది గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఇరవై సెంటీమీటర్ల పళ్ళెమంత.

రెండో రాత్రి ఇదంతా బావమరిదికి చెప్పాను. వాడు ఫోను పక్కన పెట్టి, మామ టార్చిలైటు అందుకుని, చేయి చాచి గట్టు మీదున్న తుమ్మచెట్టు మొదలుకు గురిపెట్టాడు. వెలుగు మచ్చ మొదలు మీద నిలవలేదు. కొమ్మల్లోకి పోయింది, నేల మీదికి వచ్చింది, మళ్ళీ కొమ్మల్లోకి పోయింది.

"గీ బ్యాటరీ ఎంత బరువుంటది బావా?" అన్నాడు.

"పావు కిలో" అన్నాను.